స్లైడ్ రీలు ఇంట్లో కడగడం: 38 డిగ్రీలంటే ఎంత?

కిమిడి కెమెరా
పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. కలర్ స్లైడ్ (ప్రింటు అక్కర్లేకుండా ఫిల్మ్ మీదే అసలు రంగుల్లో బొమ్మ వచ్చే రీలు) కడిగే మూడు మందుల కిట్ ఒకటి తెప్పించాను. ఇప్పటికి నాలుగు రీళ్ళు ఇంట్లోనే కడిగాను. ఇక ల్యాబ్‌కి పంపే పని లేదని నా అభిప్రాయం. అందరూ భయపెట్టేది ఒక్క వేడి దగ్గరే. మొదటి డెవలపర్, అంటే ముందుగా పోసే మందు, 38 డిగ్రీల్లో ఉండాలి, 0.3 అటూ ఇటూ అయితే పరవాలేదు. బయటి దేశాల వాళ్ళు దీనికోసం హీటర్లు, పంపులు అని బోలెడు ఖర్చు పెడతారు. మనకి మే నెలలో మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్ళే దాదాపు అక్కడ ఉంటాయి. ఓ చెంబుడు వేణ్ణీళ్ళు కలిపి, బకెట్లో సీసాలు పెట్టి, జ్వరం చూసే థర్మామీటర్ ముంచితే 100.4 ఫారన్‌హీట్. అంటే సరిగ్గా 38. గది కూడా అంతే వేడిగా ఉంటుంది కాబట్టి చల్లారదు. కరెంటు పోయినా టెన్షన్ లేదు. ఇంట్లో వద్దనేవాళ్ళు కారణం చెప్పండి, విందాం.

డార్క్‌రూమ్ 86
మాస్టారూ, జ్వరం థర్మామీటర్ ఎవరి కోసం చేశారు? జ్వరం వచ్చిన మనిషి కోసం. నోట్లోంచి తీశాక డాక్టరు చదువుకునే వరకూ అంకె దిగకూడదు, అదీ దాని డ్యూటీ. పాదరసంది దులిపితే గానీ దిగదు. డిజిటల్‌ది బీప్ కొట్టి, తను చూసిన పెద్ద అంకె పట్టుకుని కూర్చుంటుంది. మీ మందు 36కి చల్లారినా అది 38 అనే చెప్తుంది. దాన్ని నమ్ముకుని స్లైడ్ కడిగానని నలుగురిలో చెప్పుకోవడానికి ధైర్యం ఉండాలి. నేను గుణుపురంలో స్టూడియో పెట్టింది 1986లో. బ్లాక్ అండ్ వైట్ కడిగాను, కలర్ నెగటివ్ కడిగాను. స్లైడ్ మాత్రం ఎప్పుడూ బయటికే పంపాను. చేతకాక కాదు. నాది కాని రీలు మీద నేను ప్రయోగం చెయ్యను.

బరంపురం బాబు
మా మావయ్య ట్రంకు పెట్టెలో కోడాక్రోమ్ అనే పాత రకం స్లైడ్ రీలు ఒకటి దొరికింది, తీసినదే, కడగలేదు. ఈ కిట్‌లో అవుతుందా?

కిమిడి కెమెరా
డార్క్‌రూమ్ గారూ, థర్మామీటర్ దగ్గరే ఆగిపోయారు. జ్వరం థర్మామీటర్ 35 నుంచి 42 వరకే చూపిస్తుంది, కానీ ఆ మధ్యలో ఎంత కచ్చితంగా చూపిస్తుందో మీకు తెలుసు. పాయింట్ ఒకటి డిగ్రీ తేడా కూడా తెలుస్తుంది. వంటింట్లో పాలకి పెట్టే ముల్లు థర్మామీటర్ ఒకటి కొన్నాను, రెండూ ఒకే గ్లాసులో పెడితే డిగ్రీన్నర తేడా. ఏది నమ్మమంటారు? అంకె పట్టుకుని కూర్చుంటుందంటారా, నేను ఆపి మళ్ళీ ఆన్ చేస్తాను. అంతే. దీనికి ఇంత రామాయణం అక్కర్లేదు.

రాయగడ సైకిల్
వాడేసిన మందు ఎక్కడ పారబోస్తున్నారు? మహేంద్రతనయ నదిలోనా?

డార్క్‌రూమ్ 86
ఆపి ఆన్ చేసే లోపల మొదటి డెవలపర్ పని అయిపోతుంది. అది ఆరు నిమిషాల పైచిలుకు వ్యవహారం. ఆ ఆరు నిమిషాల్లో ట్యాంకు తిప్పుతారా, గడియారం చూస్తారా, థర్మామీటర్ బటన్ నొక్కుతారా?

ఇంకో మాట. నెగటివ్ అలవాటున్నవాళ్ళు స్లైడ్ దగ్గర బోర్లా పడేది ఇక్కడే. నెగటివ్‌లో డెవలపర్ ఎక్కువైతే నల్లబడుతుంది. స్లైడ్‌లో లెక్క తిరగబడుతుంది. మొదటి డెవలపర్ ఎక్కువ పనిచేస్తే బొమ్మ పల్చబడిపోతుంది, తక్కువ పనిచేస్తే చీకటైపోతుంది. మొదటి మందు వాడుకోగా మిగిలినదాని మీదే రెండో మందు రంగులు కడుతుంది కాబట్టి. అంటే మందు చల్లారితే బొమ్మలు చీకటి. నెగటివ్ అయితే ప్రింటు వేసేటప్పుడు సర్దుకోవచ్చు. స్లైడ్‌లో చేతికొచ్చిందే బొమ్మ. సర్దడానికి ఇంకేమీ ఉండదు.

కిమిడి కెమెరా
ల్యాబ్ వాళ్ళు మాత్రం దేవుళ్ళా? 2009లో మా చెల్లి పెళ్ళికి ఒక్క స్లైడ్ రీలు తీశాను. ముచ్చటపడి, ప్రొజెక్టర్‌లో గోడ మీద వేసి చూపిద్దామని. ఓ పెద్ద ఊళ్ళో ల్యాబ్‌కి పంపాను, ఊరు చెప్పను. డబ్బా మీద ఈ-6 అని, అంటే స్లైడ్ కడిగే పద్ధతి పేరు, అంత పెద్ద అక్షరాలతో ఉంటే, వాడు నెగటివ్ మెషీన్‌లో సీ-41 మందుల్లో వేసేశాడు. స్లైడ్ బదులు నెగటివ్ వచ్చింది, ప్రింటు వేస్తే తెల్లటి మధుపర్కాలు లేత ఆకుపచ్చ. మా నాన్న మొహం మీద సగం వెలుగు, సగం మసి. అడిగితే "ఇలా కావాలని కూడా కడిగించుకుంటారు సార్, ఫ్యాషన్" అన్నాడు. డబ్బులు వెనక్కిస్తానన్నాడు, రీలు ఖరీదు మాత్రమే. ఆ రోజే అనుకున్నాను, చెడితే నా చేతుల్లోనే చెడాలని.

జయపురం లెన్స్
ఇద్దరూ ఒక డిగ్రీ కోసం కొట్టుకుంటున్నారు గానీ, మూడు మందుల కిట్‌లో అసలు బలహీనత బ్లిక్స్. 1976లో కొడాక్ ఈ-6 తెచ్చినప్పుడు ఫిల్మ్‌లోని వెండిని మార్చే బ్లీచ్ వేరు, దాన్ని కడిగేసే ఫిక్సర్ వేరు. రివర్సల్ (బొమ్మని నెగటివ్ నుంచి పాజిటివ్‌కి తిప్పే పని) కూడా వేరే బాత్, అందులో తగరపు ఉప్పు. మూడు మందుల కిట్‌లో రివర్సల్ పని కలర్ డెవలపర్‌లోనే కలిపేస్తారు, బ్లీచ్, ఫిక్సర్ కలిపి బ్లిక్స్ అంటారు. ఆ రెండూ ఒకే సీసాలో ఉంటే ఒకదాన్నొకటి తినేస్తాయి. కలిపాక ఎక్కువ రోజులు నిలవదు. కొత్తలో బాగానే ఉంటుంది, నాలుగో రీలుకే అలిసిపోవచ్చు. వెండి పూర్తిగా పోదు.

రాయగడ సైకిల్ గారూ, మంచి ప్రశ్న. వెండి ఉండేది బ్లిక్స్‌లోనే. మురుక్కాలవలో పోయకూడదు. నేను డబ్బాలో దాచి స్టీల్ ఉన్ని వేసి ఉంచుతాను, వెండి దాని మీద దిగుతుంది. కలర్ డెవలపర్‌కి మాత్రం చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. నాకు ఒకసారి వేళ్ళ మధ్య దద్దుర్లు వచ్చి నెల రోజులు గోకాను.

కిమిడి కెమెరా
జయపురం గారు కనీసం పని తెలిసి మాట్లాడుతున్నారు. కొంతమందికి ఈర్ష్య. డిజిటల్ వచ్చి షట్టర్ దించుకున్న వాళ్ళకి, ఎవరో కుర్రాడు ఇంట్లో బాత్‌రూమ్‌లో స్లైడ్ కడిగేస్తున్నాడంటే మింగుడు పడదు.

బరంపురం బాబు
కోడాక్రోమ్ సంగతి ఎవరైనా చెప్తారా?

డార్క్‌రూమ్ 86
ఈర్ష్యా? సరే. ఇప్పుడు నేను అడుగుతాను, నువ్వు చెప్పు. నాలుగు రీళ్ళు కడిగానన్నావు. నాలుగోది ఎవరిది?

చెప్పవు. నేను చెప్తాను. అది మా అన్నయ్య రీలు. సొంత అన్నయ్య కాదు. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పిన మనిషి, పర్లాకిమిడిలో ఆయన దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. 1900లో మొదలైన నేరో గేజ్ లైను 2004లో మూసేస్తున్నారంటే, నౌపడా నుంచి గుణుపురం వరకు ఆ చిన్న రైలు వెంట తిరిగి స్లైడ్ మీద తీశాడు. క్యాలెండర్ అచ్చువేసే వాళ్ళు అప్పట్లో స్లైడ్ ఉంటేనే తీసుకునేవారు. తీరా వాళ్ళు వద్దన్నారు. ఏడు రీళ్ళు కడిగించకుండానే బీరువాలో పడున్నాయి. పోయిన ఏడాది ఆయన పోయాడు. వదిన నిన్ను నమ్మి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. "ముందు నా సొంత రీలు అదే రోజు ఒకటి టెస్టు కడిగి, బాగుంటేనే మావయ్య రీలు ముట్టుకుంటాను అత్తా" అన్నావా లేదా? నువ్వు కడిగింది మేలో కాదు, జనవరిలో. తెల్లారి ఆరింటికి, పిల్లలు లేవకముందు. అప్పుడు మీ మేడ మీద ట్యాంకు నీళ్ళు ఎంత? ఆ థర్మామీటర్ 38 అనే చెప్పి ఉంటుంది. చల్లారుతున్నా చెప్పదు అది. అందుకే మొదటి నుంచీ దాని దగ్గరే ఆగాను.

వదిన ఫోన్ చేసి "బొమ్మలన్నీ చీకటిగా ఉన్నాయి బాబూ, అందులో ఆయన కూడా ఒకచోట ఉన్నాడట, కనిపించడం లేదు" అంది.

రాయగడ సైకిల్
ఏటి, మీరిద్దరూ ఎరిగున్న వాళ్ళేనా!

మహేంద్రగిరి మబ్బు
ఇది ఫోన్లో మాట్లాడుకుంటే బాగుండేది.

కిమిడి కెమెరా
అన్నయ్యా, టెస్టు కడగలేదు. నిజమే. చెప్పిన మాట నిలబెట్టుకోలేదు.

ఎందుకంటే, మందు కలిపి అప్పటికి పదిహేను రోజులు దాటింది. కిట్‌తో వచ్చిన కాగితంలో సీసాలో గాలి లేకుండా నిండా పోసి ఉంచమన్నారు. నేను సగం ఖాళీ సీసాలో ఉంచాను. పాడైపోతుందేమో, టెస్టుకి వాడేస్తే మావయ్య రీలుకి చాలదేమో అనిపించింది. ఇంకో కిట్ తెప్పిద్దామంటే జీతం రావడానికి వారం ఉంది. అత్త రోజూ అడుగుతోంది. ఏమవుతుందిలే అనుకున్నాను.

రీలు ట్యాంకులోంచి తీసి కిటికీ దగ్గర పట్టుకుంటే మొదట బానే ఉన్నట్టనిపించింది. తడి మీద సరిగ్గా తెలియదు కదా. ఆరాక చూస్తే ఇంజను ఆకారం తెలుస్తోంది, పొగ తెలుస్తోంది, మనుషులు లేరు. ఉన్నారు, కనబడటం లేదు. అత్తకి పాత రీలు కాబట్టి ఇలా వచ్చిందని చెప్పాను. ఇరవై ఏళ్ళ రీలుకి అది కొంత నిజం కూడా. కానీ నాకు తెలుసు.

మీరు ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. అందుకే ఇక్కడ అడిగాను, ఎవరో ఒకరు ఇంట్లో కడగడం తప్పు కాదంటారేమోనని.

జయపురం లెన్స్
ఇద్దరూ ఒక్క నిమిషం. చీకటికి మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఇరవై ఏళ్ళు కడగకుండా ఉంచితే ఫిల్మ్ మీద పడ్డ ముద్ర కొంత చెరిగిపోతుంది, అది రాదు. రెండు, మొదటి డెవలపర్ చల్లారింది, అదీ రాదు. మూడు, బ్లిక్స్ అలిసిపోయి వెండి లోపలే ఉండిపోయింది. ఇదైతే వస్తుంది, ఇప్పటికైనా.

కనుక్కోవడం తేలిక. కెమెరాలో రీలు వేసేటప్పుడు వెలుగు తగిలిన ముక్క ఉంటుంది కదా, మొదటి ఫ్రేముకి ముందు. స్లైడ్‌లో అది గాజులా తెల్లగా రావాలి. తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. తెల్లగా ఉండి బొమ్మలు మాత్రమే చీకటైతే ఆశ వదులుకోండి. ఆ ముక్క కూడా మురికిగా ఉంటే బ్లిక్సే.

కిమిడి కెమెరా
చూశాను. పిల్లల డ్రాయింగ్ కాగితం మీద పెట్టాను. గాజులా లేదు. పలచటి టీ ఒలికి ఆరినట్టుంది. వేలితో రుద్దాను, పోలేదు.

జయపురం లెన్స్
అయితే వెండి ఉంది. ఎంత వస్తుందో మాట ఇవ్వలేను, చల్లారిన పాపం కూడా కొంత ఉండి ఉంటుంది. కొత్త బ్లిక్స్ కావాలి, పాతది వద్దు. ఫిల్మ్‌ని ముందు మామూలు నీళ్ళలో నానబెట్టి, 38 దగ్గర పది నిమిషాలు బ్లిక్స్, బాగా కడుగు, చివర ఫైనల్ రిన్స్. చీకటి అక్కర్లేదు, లైటు వేసుకునే చెయ్యొచ్చు. కళ్ళ ముందే తేటపడటం కనిపిస్తుంది.

డార్క్‌రూమ్ 86
లైటు వేసుకుని చేసే పనైతే నేనూ చూస్తాను. ఆదివారం రీలు పట్టుకుని గుణుపురం రా. బ్లిక్స్ నేను తెప్పిస్తాను. థర్మామీటర్ తేవద్దు.

కిమిడి కెమెరా
వస్తాను. మిగతా ఆరు రీళ్ళు కూడా తేనా?

డార్క్‌రూమ్ 86
వద్దు. అవి ల్యాబ్‌కి వెళ్తాయా, నీ బాత్‌రూమ్‌కి వెళ్తాయా, బీరువాలోనే ఉంటాయా అన్నది నువ్వూ నేనూ తేల్చేది కాదు. ఇదివరకు నిన్ను నమ్మి ఇచ్చిందని అన్నాను. నమ్మి ఇవ్వడం వేరు, నీకు ఇచ్చెయ్యడం వేరు. ముందు వదినకి ఫోన్ చేసి రీలు పాతదవ్వడం వల్ల కాదని చెప్పు. తర్వాత ఆవిడ ఏమంటే అది.

కిమిడి కెమెరా
ల్యాబ్‌లో చెడితే మాత్రం ఎవరు ఫోన్ చేస్తారు అన్నయ్యా? అదొక్కటి ఆలోచించండి. చేస్తాను, ఇప్పుడే చేస్తాను.

బరంపురం బాబు
ఇప్పుడైనా కోడాక్రోమ్?

జయపురం లెన్స్
బాబు గారూ, క్షమించాలి, మర్చిపోయాం. అది ఈ కిట్‌లో అవ్వదు. మిగతా స్లైడ్ ఫిల్ముల్లో రంగు కట్టే పదార్థం ఫిల్మ్‌లోనే ఉంటుంది. కోడాక్రోమ్‌లో ఉండదు, ఒక్కో రంగూ మందులోంచి రావాలి. దానికి కే-14 అని వేరే పద్ధతి, వేరే మెషీన్. ఆఖరిగా కడిగింది అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం పార్సన్స్ అనే ఊళ్ళో. 2010 డిసెంబరు ఆఖరు వరకు వచ్చిన రీళ్ళే తీసుకున్నారు. ఇప్పుడు కావాలంటే బ్లాక్ అండ్ వైట్‌గా కడిగి చూడొచ్చు, రంగులు మాత్రం రావు.

బరంపురం బాబు
మావయ్యకి రంగుల్లోనే వస్తాయని చెప్పేశాను.