జమైకా ఆకు టీ తాగి మా ఆయన షుగర్ 58కి పడిపోయిందండి

రాజోలు టీచరమ్మ:

అందరికీ నమస్కారమండి. మా పెద్దమ్మాయి జమైకాలో నర్సు, కింగ్‌స్టన్‌లో ఉంటుంది. సంక్రాంతికి వస్తూ రెండు పొట్లాల ఎండాకు తెచ్చింది. అక్కడ సెరసీ అంటారట. విప్పి వాసన చూస్తే నవ్వొచ్చింది. మన పంటకాలవ గట్టున కంచె మీద పాకే పొట్టికాకర! ఓ తీగ తెంపుకొచ్చి పక్కన పెట్టాను. అదే చీలికల ఆకు, అదే నులితీగ, వేళ్లకి అంటుకుంటే కడిగినా పోని అదే చేదు.

అమ్మాయి అద్దెకున్న ఇంటావిడ పెద్దావిడే. వాళ్ల చిన్నప్పుడు సెలవులైపోయి బడి తెరిచేముందు పొట్ట శుభ్రానికి పిల్లలకి ఈ కషాయమో, ఆముదమో పట్టేవారట. మా నాయనమ్మా అంతే కదండీ, ముక్కు మూసి గ్లాసు ఖాళీ చేయించి ఆ పూటకి చారన్నమే పెట్టేది. వాళ్ల ఆముదం నల్లగా ఉంటుందట. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనె గరిటెతో తీస్తారట. "అమ్మా, మన వంటాముదమే" అంది మా పిల్ల.

సరే, అసలు గొడవ చెప్తాను. మా ఆయనకి ఎనిమిదేళ్లుగా షుగర్. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. అమ్మాయి వెళ్లాక ఎవరికీ చెప్పకుండా రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు సెరసీ మొదలెట్టారు. నాలుగో రోజు పదకొండింటికి అరుగు మీద కూర్చున్న మనిషికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. మిషన్ పెడితే 58. పంచదార నీళ్లు పట్టాను, పావుగంటకి తేరుకున్నారు. నాకేమో టెన్షన్, ఆయనేమో "చూశావా, మందు ఎలా పనిచేస్తోందో" అని మాత్రలు సగం చేస్తానంటున్నారు. దానికితోడు పక్కింటాయన బిళ్ళగన్నేరు ఆకులు కూడా నమలమంటున్నాడు. కడియం నర్సరీ నుంచి తెచ్చిన లక్ష్మణఫలం మొక్క నూతి దగ్గర ఏపుగా ఉంది, దాని ఆకు మీదా కన్నేశారు. అమ్మాయికి ఫోన్ చేద్దామంటే మనకన్నా పదిన్నర గంటలు వెనక, ఇప్పుడు డ్యూటీలో ఉంటుంది. ఎవరైనా చెప్పండి.

మందులకొట్టు, రావులపాలెం:

అమ్మగారూ, ముందు ఆ గ్లాసు ఆపించండి. గ్లిమెపిరైడ్ ఒంట్లో ఇన్సులిన్‌ని ఎక్కువగా విడుదల చేయిస్తుంది. కాకరా షుగర్‌ని దించేదే. రెండూ కలిసేసరికి 58 అయింది. అది గుణం కాదండి, ప్రమాదం. మాత్ర సగం చెయ్యాలో వద్దో మిషన్ రీడింగులు చూసి డాక్టర్ చెప్పాలి. కడుపుతో ఉన్నవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే వాళ్లకీ ఆ టీ ఇవ్వకండి.

బిళ్ళగన్నేరు కథ కూడా మీ అమ్మాయి ఉన్న జమైకాదే. అక్కడ షుగర్‌కి ఆ ఆకు టీ తాగేవారు. 1952లో కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే డాక్టర్‌కి జమైకా నుంచి ఓ పేషెంటు కవర్లో పాతిక ఆకులు పంపారు. ఆయన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి ఇస్తే, ఆయన ఎలుకల మీద చూశారు. నోటితో ఇస్తే షుగర్ కదల్లేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే తెల్లకణాలు పడిపోయి, ఇన్‌ఫెక్షన్ సోకి ఎలుకలు చచ్చిపోయాయి. చార్లెస్ బీర్‌తో కలిసి ఆ పదార్థాన్ని విడదీశారు, 1958లో విన్‌బ్లాస్టిన్ బయటికొచ్చింది. ఇప్పుడది క్యాన్సర్ వార్డులో సెలైన్‌తో ఎక్కించే మందు. దాన్ని మీవారు పరగడుపున నమలడమేమిటండి!

యానాం గోదారోడు:

టీచర్ గారూ, నేను జమైకా ఉన్న కరీబియన్ సముద్రంలోనే, ఫ్రెంచివాళ్ల దీవి గ్వాడెలూప్‌లో ఆరేళ్లు పనిచేశాను. వేపని అక్కడ 'వెపెలె' అంటారు. తమిళ వేప్పిలైనే. 1854లో ఒరేలీ అనే ఓడ మనవైపు కూలీల్ని అక్కడికి దింపింది. చెరుకు తోటలకి వెళ్లినవాళ్లు పేర్లు కూడా మూటగట్టుకెళ్లారు. ప్రతి ఇంటి వెనకా నిమ్మగడ్డి, కలబంద, మనం రణపాల అనేది, అన్నీ ఉంటాయి. జ్వరమొస్తే ముందు నిమ్మగడ్డే మరిగిస్తారు.

లక్ష్మణఫలం సంగతి మాత్రం కాస్త జాగ్రత్త. అక్కడ నిద్రకి దాని ఆకు టీ తాగడం అలవాటు. పార్కిన్సన్ అనే వణుకుడు జబ్బుకి వాడే మామూలు మందులకి లొంగని వణుకు, బిగుసుకుపోవడం ఆ దీవిలో ఎక్కువగా కనిపిస్తే, డాక్టర్లు 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఆ పండూ ఆకూ బాగా వాడేవాళ్లలో అది కనిపించింది. అందులో ఉండే అనొనాసిన్ అనే పదార్థం నరాల కణాలకి చెరుపు చేస్తుందని తర్వాత ల్యాబుల్లో చూశారు. అదే కారణమని తేలిపోలేదు గానీ, రోజూ కషాయం మాత్రం వద్దు. పండు ఎప్పుడైనా తినండి, బాగుంటుంది.

ముమ్మిడివరం రైతు:

ఆకు మంచిదా చెడ్డదా అన్నదాని కంటే ఏ ఆకు అన్నది చూడండి. జమైకాలోనే 1950లలో చిన్నపిల్లలకి కాలేయం పాడై పొట్టలు ఉబ్బిపోయేవి. కారణం టీలో మరిగించిన క్రొటలేరియా అని డాక్టర్లు పట్టుకున్నారు. అది మన జనుము జాతి. మేం కోతల ముందు జనుము చల్లేది గేదెల మేతకండి, కెటిల్లోకి కాదు.

రాజోలు టీచరమ్మ:

అందరికీ దణ్ణాలండి. పొట్లాలు రెండూ బియ్యం డబ్బాలో దాచాను. నిన్న డాక్టర్ దగ్గరికి వెళ్లాం. రీడింగుల కాగితం చూసి మాత్రలు అలాగే ఉంచారు, మా ఆయన్ని ఓ పది నిమిషాలు తిట్టారు. ఇవాళ పొద్దున 118. నిమ్మగడ్డి టీ ఇచ్చాను, చేదు లేదని సణుగుతున్నారు.

ఇంకో మాట. ఆ జమైకా పెద్దావిడకి మన వంటాముదం చూడాలని ఉందట. ఈ రోజుల్లో ఇంట్లో వండేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ముమ్మిడివరం రైతు:

మా అత్త ఇంకా వండుతుందండి. వండిన రోజు వీధి చివరి దాకా వాసనే. సీసా ఉంచుతాను, అమ్మాయి మళ్లీ వచ్చినప్పుడు కబురెట్టండి.