పొర నుంచి పొరకి ఎలక్ట్రాన్ సాఫీగా సాగుతుందా, గెంతుతుందా?

స్ఫటికం:
బీఈడీటీ-టీటీఎఫ్ లవణాల్లో (కరెంటు పారే, పొరలు పొరలుగా ఉండే సేంద్రియ స్ఫటికాలు) పొరలకు నిలువుగా కరెంటు పంపి, అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా వాలుస్తూ పోతే కొన్ని కోణాల దగ్గర నిరోధం శిఖరంలా లేస్తుంది. క్షేత్రం పెంచితే శిఖరం ఎత్తు మారుతుంది, కోణం మారదు. 1989లో యమాజి అనే భౌతిక శాస్త్రవేత్త దీనికి కారణం చెప్పాడు. ఫెర్మి ఉపరితలం (ద్రవ్యవేగాల పటంలో ఎలక్ట్రాన్లు నిండిన భాగానికి హద్దు) కొద్దిగా ముడతపడ్డ స్తంభం లాంటిది. ఆ కోణాల్లో ఎక్కడ కోసినా ముక్క వైశాల్యం దాదాపు ఒకటే, అందుకే పొరల మధ్య సగటు వేగం సున్నా. మరి ఎలక్ట్రాన్ అల దశ (ఊపులోని లయ) చెడకుండా, అంటే సాఫీగా, పొరలు దాటుతోందని ఇది రుజువే కదా?

గ్రాఫైట్ పేస్ట్:
అక్కడే పొరబడుతున్నారు. 1998లో మెకెంజీ, మోజెస్ లెక్కగట్టి చూపించారు: ఎలక్ట్రాన్ పక్క పొరలోకి ఒక్కసారి దూకి, ఆ తర్వాత దశంతా మరిచిపోయినా సరే, దూకేటప్పుడు పొరలోని ద్రవ్యవేగం నిలిస్తే చాలు, అవే కోణాల్లో అవే శిఖరాలు వస్తాయి. మూడు దిశల ఫెర్మి ఉపరితలం అక్కర్లేదు.

కొత్తవాడు:
చిన్న సందేహం. క్షేత్రం, కరెంటు రెండూ నిలువుగానే ఉంటే లోరెంజ్ బలం ఉండదు కదా, నిరోధం మారడమేంటి?

గ్రాఫైట్ పేస్ట్:
మంచి ప్రశ్న. బలం సగటు కరెంటు మీద కాదు, ఒక్కో ఎలక్ట్రాన్ వేగం మీద పనిచేస్తుంది. ఆ వేగం ఎక్కువగా పొరలోనే ఉంటుంది. కాబట్టి కక్ష్యలు తిరుగుతూనే ఉంటాయి.

స్ఫటికం:
సరే, యమాజి శిఖరాలు వదిలేద్దాం. క్షేత్రం సరిగ్గా పొరల వెంట, 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వచ్చే సన్నటి శిఖరం సంగతేమిటి? ఈ లవణాల్లోనే ఒకటైన కప్పా రకం కాపర్ థయోసయనేట్ లవణంలో అది ఒక డిగ్రీ వెడల్పు కూడా ఉండదు. స్ఫటికాన్ని తిప్పే రొటేటర్‌ని కాస్త తొందరగా తిప్పితే గ్రాఫ్‌లో కనపడకుండానే దాటిపోతుంది! మీ గెంతుడు లెక్కలో అది రాదు.

గ్రాఫైట్ పేస్ట్:
ఒప్పుకుంటా. దాని వెడల్పు నుంచే పొరల మధ్య బదిలీ శక్తి (ఎలక్ట్రాన్ పక్క పొరకు ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే కొలత) సుమారు 0.04 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ అని తేల్చారు. అంటే అర కెల్విన్ పాటి. అంతకంటే వేడెక్కితే దశ చెదరాలని ఆండర్సన్ ప్రమాణం.

స్ఫటికం:
చెదరలేదుగా! 2007లో 45 టెస్లాల దాకా వెళ్లి చూస్తే, ఆ హద్దుకు దాదాపు 30 రెట్ల వేడిలోనూ శిఖరం నిలిచింది. ఆ ప్రమాణమే సరిచూసుకోవాలంటాను.

గ్రాఫైట్ పేస్ట్:
ఈ లవణం వరకు సరే. యమాజి శిఖరాలు కనపడగానే ప్రతి పదార్థానికీ ‘కోహెరెంట్’ (దశ చెడకుండా సాగేది) అని ముద్ర కొట్టొద్దన్నదే నా గొడవ. 90 దగ్గర అర డిగ్రీకి పది పాయింట్లు తీసి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.