రూబీ బైండింగ్ ఆబ్జెక్టును టెంప్లేట్‌కు అప్పగించవచ్చా?

ఎర్రమణి:
ఈఆర్‌బీ అంటే మధ్యమధ్య రూబీ కోడ్ ఉన్న టెంప్లేట్‌ను నింపి పాఠ్యం తయారుచేసే రూబీ సాధనం. దాని టెంప్లేట్‌కు బైండింగ్ ఇవ్వొద్దని కోడ్ రివ్యూల్లో తరచూ అంటుంటారు. నేను ఒప్పుకోను. కోడ్‌లో ఒక చోట కనిపించే లోకల్ వేరియబుల్స్, సెల్ఫ్ (అక్కడ నడుస్తున్న ఆబ్జెక్టు) అన్నీ కలిపి పట్టుకున్న ఆబ్జెక్టే బైండింగ్. పది విలువలు విడివిడిగా పంపే బదులు అదొక్కటి పంపితే పనైపోతుంది. భాషే ఇచ్చిన వీలును ఎందుకు వదులుకోవాలి?

స్టాక్‌ఫ్రేమ్:
పనవుతుంది, కానీ టెంప్లేట్‌కు ఏమేం కావాలో ఎక్కడా రాసి ఉండదు. మెథడ్‌లో ఒక లోకల్ వేరియబుల్ పేరు మార్చి చూడండి. టెంప్లేట్ ఆ వరుసకు వచ్చేదాకా తప్పు బయటపడదు, అప్పుడు నేమ్‌ఎర్రర్, అంటే ఆ పేరే లేదన్న తప్పు. పైగా సెల్ఫ్ కూడా వెళ్తుంది కాబట్టి ప్రైవేట్ మెథడ్స్‌తో సహా అన్నీ టెంప్లేట్ చేతికి వస్తాయి.

రూబీ 2.5 నుంచి ఈఆర్‌బీలో రిజల్ట్ విత్ హ్యాష్ అనే మెథడ్ ఉంది. బైండింగ్‌కు బదులు అది హ్యాష్ (పేరు, విలువల జతల పట్టిక) తీసుకుంటుంది. కావలసిన పేర్లే అందులో పెట్టి పంపండి. అయితే ఇదేదో భద్రతా కంచె అనుకోవద్దు. టెంప్లేట్‌లో ఏ రూబీ కోడైనా నడుస్తుంది కనుక, బయటివాళ్లు రాసిన టెంప్లేట్‌ను ఏ దారిలోనూ నడపకూడదు.

ఎర్రమణి:
హ్యాష్ పద్ధతిలో సెల్ఫ్ టాప్‌లెవెల్ మెయిన్ (ఏ క్లాసులోనూ లేని కోడ్‌కు సెల్ఫ్‌గా ఉండే ఆబ్జెక్టు) అయిపోతుంది కదా? తేదీ, రూపాయలు ఫార్మాట్ చేసే నా హెల్పర్ మెథడ్స్ దొరకవు.

స్టాక్‌ఫ్రేమ్:
నిజమే. దానికి మందు ఒక చిన్న క్లాసు. టెంప్లేట్‌కు కావలసిన విలువలను ఇనీషియలైజ్‌లో (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే మెథడ్) తీసుకోండి, హెల్పర్స్‌ను ఆ క్లాసులోనే రాయండి. బైండింగ్ అనేది ప్రైవేట్ మెథడ్, బయటి నుంచి పిలవలేరు. అందుకే దాన్ని తిరిగిచ్చే పబ్లిక్ మెథడ్ ఒకటి పెట్టి, దాని ఫలితాన్ని ఈఆర్‌బీకి ఇవ్వండి. ఆ మెథడ్‌లో లోకల్స్ ఏమీ లేవు కాబట్టి అనుకోకుండా ఏదీ జారిపోదు. ఇలాగైతే బైండింగ్ ఇవ్వడానికి నాకూ అభ్యంతరం లేదు.

కొండచిలువ:
మెమరీ సంగతి ఎవరూ ఎత్తలేదు, నాకు అదే పెద్ద అభ్యంతరం. బైండింగ్ బతికున్నంతసేపూ ఆ స్కోపులోని ప్రతి లోకల్ బతికే ఉంటుంది. సీరూబీలో (రూబీకి సీ భాషలో రాసిన ప్రధాన అమలు) లాంబ్డాదీ, అంటే విలువలా దాచుకోగల పేరులేని ఫంక్షన్‌దీ, ఇదే కథ. 200 ఎంబీ ఫైలు చదివిన మెథడ్‌లోనే లాంబ్డా తయారుచేసి ఏ క్యాష్‌లోనో దాచారనుకోండి. లాంబ్డా ఆ డేటాను వాడకపోయినా అది విడుదల కాదు, ఎందుకంటే లాంబ్డాను బైండింగ్ అడిగి ఏ వేరియబుల్‌నైనా అందుకోవచ్చు. లాంబ్డాను వేరే మెథడ్‌లో తయారుచేయాలి, లేదా పెద్ద వేరియబుల్‌కు ముందే నిల్ ఇవ్వాలి.

పైథాన్‌లో లోపలి ఫంక్షన్ తాను వాడే పేర్లనే, ఒక్కో పేరుకు ఒక్కో సెల్ ఆబ్జెక్టుగా (ఒక్క వేరియబుల్‌ను ఉంచుకునే చిన్న పెట్టె) పట్టుకుంటుంది. మిగతావి వదిలేస్తుంది. నాకు ఈ ఏర్పాటే నచ్చుతుంది.

ఎర్రమణి:
అందుకు పైథాన్ చెల్లించే ధర కూడా చెప్పండి. లోపలి ఫంక్షన్‌లో ఇవాల్‌కు (స్ట్రింగ్‌ను కోడ్‌గా నడిపే ఫంక్షన్) బయటి పేరును స్ట్రింగ్‌గా ఇస్తే, కోడ్‌లో ఆ పేరు విడిగా వాడి ఉండకపోతే, నేమ్‌ఎర్రర్. రూబీలో అది హాయిగా దొరుకుతుంది. డీబగ్గర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి తప్పులు వెతికే సాధనం) రాసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కొండచిలువ:
డీబగ్గర్‌కైతే ఒప్పుకుంటాను. అక్కడ పైథాన్‌లో ఫ్రేమ్ ఆబ్జెక్టు ఉంది, అది నడుస్తున్న ఫంక్షన్ స్థితిని చూపిస్తుంది. పైథాన్ 3.13 నుంచి దాని ఎఫ్ లోకల్స్‌లో (ఆ ఫంక్షన్ వేరియబుల్స్ పట్టిక) రాస్తే అసలు వేరియబుల్ మారుతుంది. ఫంక్షన్ లోపల పిలిచిన లోకల్స్ అనే ఫంక్షన్ మాత్రం ప్రతిసారీ ఆ వేరియబుల్స్‌కు విడి నకలు ఇస్తుంది.

స్టాక్‌ఫ్రేమ్:
రూబీలోనూ రాయడం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. బైండింగ్‌కున్న లోకల్ వేరియబుల్ సెట్ అనే మెథడ్‌తో అప్పటికే ఉన్న పేరును మారిస్తే మెథడ్‌లోనూ మారుతుంది. కొత్త పేరు పెడితే అది ఆ ఒక్క బైండింగ్ ఆబ్జెక్టులోనే ఉంటుంది. మెథడ్‌కు కనిపించదు, మళ్లీ బైండింగ్ పిలిచి తెచ్చుకున్న ఇంకో ఆబ్జెక్టుకూ కనిపించదు. కాబట్టి ముందుగా మెథడ్‌లో ఆ పేరుకు నిల్ అయినా ఇచ్చి, ఆ తర్వాతే బైండింగ్‌తో మార్చండి.