పాత మౌంటెన్ బైక్: ఎత్తు ఎక్కుతుంటే చైన్ జారిపోతోంది

మట్టిదారి:
వెనక 8 గేర్లు, ముందు మూడు రింగులు ఉన్న పాత బండి. చాలాకాలం మూలన పడి ఉంటే బయటికి తీశాను. చదును నేల మీద బానే పోతోంది. ఎత్తు వచ్చి కాస్త బలంగా తొక్కితే టక్కుమని జారి, కాలు ఒక్కసారిగా కిందికి పడిపోతోంది. చైన్ తుప్పు పట్టి ఉందని కొత్తది వేశాను. అప్పట్నుంచి తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది! డిరైలర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపే భాగం) మీది స్క్రూలు తిప్పి చూద్దామా?

గేరుపురుగు:
ఆ స్క్రూల జోలికి పోకండి. హెచ్, ఎల్ అని ఉండేవి డిరైలర్ రెండు వైపులా ఎంతదాకా పోవచ్చో హద్దు పెట్టడానికే. ఎల్ మరీ వదులైతే చైన్ వెనక గేర్లలోని పెద్ద పళ్ళచక్రం దాటి స్పోకుల్లో పడుతుంది, డిరైలర్ విరిగి కూర్చుంటుంది. ముందు రెండు సంగతులు చెప్పండి. అన్ని గేర్లలోనూ జారుతోందా, కొన్నింట్లోనేనా? బలం పెడితేనేనా, మెల్లగా తొక్కినా జారుతోందా?

సర్వీసుబెంచి:
కొత్త చైన్ వేశాకే ఎక్కువైందంటే నా అనుమానం క్యాసెట్ మీదే, అంటే వెనక గేర్ల పళ్ళచక్రాల గుత్తి మీద. చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉండాలి. వాడేకొద్దీ పిన్నులూ, వాటి చుట్టూ తిరిగే భాగాలూ అరిగి ఆ దూరం పెరుగుతుంది. చైన్ సాగింది అంటాం కానీ ఇనుమేమీ సాగదు. ఆ పెరిగిన దూరానికి తగ్గట్టే క్యాసెట్ పళ్ళూ అరుగుతాయి. పాత చైన్, పాత పళ్ళు ఒకదానికొకటి అలవాటుపడి ఎలాగోలా నెట్టుకొస్తాయి. కొత్త చైన్ రాగానే దాని రోలర్లు ఆ పళ్ళ మధ్య సరిగ్గా కూర్చోవు. బలం పెట్టగానే పంటి మీదికెక్కి అవతలికి దూకుతాయి.

పాత చైన్ పారేయకపోతే స్టీల్ స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్ను నడిమధ్య సున్నా ఉంచితే 24 లింకుల తర్వాతి పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. ఆ 12 మీద అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చే సమయం వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాటేదాకా తొక్కారంటే క్యాసెట్ కూడా దాదాపు పోయినట్టే.

రాళ్ళబాట:
అంత తొందరపడి క్యాసెట్ కొనించకండి అన్నా. నా బండిలో ఇదే గోల, తీరా చూస్తే ఒక లింకు బిగుసుకుపోయింది. బండిని తలకిందులుగా పెట్టి పెడల్‌ని మెల్లగా వెనక్కి తిప్పుతూ డిరైలర్ చిన్న చక్రాల దగ్గర కళ్ళు పెట్టండి. బిగుసుకున్న లింకు అక్కడ వంగలేక మెట్టులా పైకి లేస్తుంది, డిరైలర్ చేయి ఒక్క క్షణం ఎగిరిపడుతుంది. చైన్ కలిపేటప్పుడు పిన్ను కొట్టిన చోటే ఇది ఎక్కువ. రెండు బొటనవేళ్ళతో ఆ లింకుని అటూ ఇటూ పక్కకి వంచితే చాలాసార్లు వదులైపోతుంది.

గేరుపురుగు:
నిజమే, కానీ బిగుసుకున్న లింకైతే ఒక లయలో జారుతుంది. ముందు 32 పళ్ళ రింగు, చైన్‌లో 112 లింకులు ఉన్నాయనుకోండి. పెడల్ మూడున్నర చుట్లకోసారి ఆ లింకు మళ్ళీ అదే చోటికి వస్తుంది. బలంతో పెద్దగా పని లేదు. అందుకే అడిగాను.

చలికాలపుసవారీ:
మూలన పడున్న బండి అన్నారు కాబట్టి ఫ్రీహబ్‌ని (క్యాసెట్ కూర్చునే, ఒకవైపే పట్టు ఇచ్చే హబ్ భాగం) కూడా మర్చిపోవద్దు. లోపలి పాత గ్రీజు జిగురులా మారితే పాల్స్ (లోపల పట్టు ఇచ్చే చిన్న కొక్కేలు) సరిగ్గా లేవవు. కాలికి తెలిసేది అచ్చం చైన్ జారినట్టే ఉంటుంది. తేడా ఒక్కటే, చైన్ పళ్ళ మీద నుంచి కదలదు, క్యాసెట్ మొత్తం ముందుకి తిరిగిపోతుంది, బండి వెనక చక్రం మాత్రం అక్కడే ఉంటుంది. ఏ గేరులోనైనా జరుగుతుంది. చలిలో ఇంకా ఎక్కువ.

మట్టిదారి:
అందరూ చెప్పినట్టు చూశాను. వెనక చిన్న పళ్ళచక్రాలు మూడింట్లోనే జారుతోంది, అదీ బలం పెడితేనే. పెద్ద చక్రాల్లో ఎంత తొక్కినా చుక్క తేడా లేదు. బిగుసుకున్న లింకు లేదు. పాత చైన్ కొలిస్తే ఎనిమిదో వంతు దాటి పోయింది.

సర్వీసుబెంచి:
ఇంకేముంది, క్యాసెట్టే. చిన్న చక్రాల్లో పళ్ళు తక్కువ, బరువు పంచుకునే రోలర్లూ తక్కువ. అందుకే అవి ముందు పోతాయి. ఫ్రీహబ్ అయితే గేరుకో తీరుగా ఉండేది కాదు.

పైసాపొదుపు:
కొనే ముందు ఒక మాట. పాత చైనే మళ్ళీ వేసి, అన్నీ పూర్తిగా అరిగేదాకా తొక్కితే నష్టమేంటి? నేను అదే చేస్తా.

సర్వీసుబెంచి:
చదును దారుల్లో తిరిగే బండికి సరే. ఎత్తులెక్కే మనిషికి నేనైతే చెప్పను. సీటు మీంచి లేచి తొక్కుతున్నప్పుడు జారితే పళ్ళు రాలేది క్యాసెట్‌వి కాదు, మీవి. పైగా ఆ పాత చైన్ ముందు రింగుల్ని కూడా తినేస్తుంది.

గేరుపురుగు:
మట్టిదారి గారూ, 8 స్పీడు క్యాసెట్టే తీసుకోండి. 9 స్పీడులో చక్రాల మధ్య దూరం తక్కువ, మీ షిఫ్టర్‌తో (హ్యాండిల్ మీది గేరు మార్చే మీట) కుదరదు. విప్పడానికి లాక్‌రింగ్ (క్యాసెట్‌ని పట్టి ఉంచే బిళ్ళ) టూల్, క్యాసెట్ తిరక్కుండా పట్టే చైన్ విప్ రెండూ కావాలి. బిగించేటప్పుడు చేతి అంచనాతో వదిలేయకండి, ఎంత బలంతో బిగించాలో, 40 న్యూటన్ మీటర్లని, సాధారణంగా లాక్‌రింగ్ మీదే రాసి ఉంటుంది.

మట్టిదారి:
క్యాసెట్ మార్చాను, జారడం పూర్తిగా పోయింది. థ్యాంక్స్ అందరికీ. ఇప్పుడింకో చిన్న తలనొప్పి. పెద్ద చక్రాల వైపు గేరు చక్కగా పడుతోంది, చిన్న వైపుకి మార్చితే మాత్రం ఒక క్షణం ఆలోచించి పడుతోంది.

రాళ్ళబాట:
అది కేబుల్ బాబూ. పెద్ద వైపుకి మీ చెయ్యి లాగుతుంది, చిన్న వైపుకి స్ప్రింగే లాగాలి. ఔటర్ (కేబుల్ మీది గొట్టం తొడుగు) లోపల తుప్పుంటే స్ప్రింగ్‌కి ఆ బలం చాలదు. కేబుల్, ఔటర్ రెండూ కలిపి మార్చండి. వెనక డిరైలర్‌లోకి వంపు తిరిగి దూరే ముక్కలోనే మురికి ఎక్కువ చేరుతుంది, అది ముందు చూడండి.