రాలడమా, రాల్చడమా?

పండుటాకు: నాడీకణాల మీద తెలుగులో రాస్తూ అపాప్టోసిస్ (కణం తనని తానే ఓ పద్ధతిలో చంపుకోవడం) అన్న మాటకి తెలుగు దొరక్క ఆగిపోయా. పొద్దున్నుంచి మృత్యుంజయ మంత్రంలోని "ఉర్వారుకమివ బంధనాన్" అనే ముక్క నోట్లో తిరుగుతోంది, పండిన దోసకాయ తొడిమ వదిలేసినట్టు అని. ఆ పోలిక వాడొచ్చా? చివర్లో మామృతాత్ ఏ కదా, అమృతాత్ కాదు కదా?

గ్రీకుపిచ్చి: మామృతాతే అక్కా, మృత్యువు నుంచి విడిపించు, అమృతం నుంచి వద్దు అని. అసలు గొడవ "ప" దగ్గరుంది. 1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రవేత్తలు ఈ మాట పెట్టినప్పుడు రెండో ప పలకొద్దని పేపర్లోనే రాశారు. సూచించింది ఆబర్డీన్‌ గ్రీకు ప్రొఫెసర్ జేమ్స్ కార్మాక్. గ్రీకులో దానర్థం పువ్వు నుంచి రేకులు, చెట్టు నుంచి ఆకులు రాలడం అన్నమాట. నాకైతే మనుషుల తరాల్ని ఆకులతో పోల్చిన హోమర్ గుర్తొస్తాడు, ఆ ఒక్క పోలిక కోసం ఇలియడ్ ఆరో సర్గ ఎన్నిసార్లు తిరగేశానో.

బాటనీ పంతులు: పాత గ్రీకువాళ్ళు ఆ ప పలికేవాళ్ళే బాబూ. నా పట్టు "ల్చు" మీద. ఆకు తనంతట తాను రాలదు, చెట్టే తొడిమ మొదట్లో పొర కట్టి ఎంజైములతో అతుకు కరిగించి రాలుస్తుంది. నాడీకణంలోనూ కాస్పేజ్‌లనే ఎంజైములు ప్రొటీన్లని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం ఉన్నచోట చూసి మరీ కోస్తాయి. రాల్చడమే.

పండుటాకు: రాల్చేది ఎవరు మాస్టారూ? ఇక్కడ కోసేదీ కోతపడేదీ ఒకే కణం కదా.

మామిడితోట: ఆకు కాదండీ, పిందె అనండి. పిండంలో నాడీకణాలు అవసరానికి మించి పుడతాయి, చాలాచోట్ల సగం దాకా పోతాయి, ముసలివై కాదు. రీటా లెవీ-మోంటాల్చీనికి 1986లో నోబెల్ తెచ్చిన ఎన్‌జీఎఫ్ (నాడీకణాల్ని పెంచి బతికించే ప్రొటీన్) ఉందే, అది అందరికీ సరిపడా ఉండదు, అందుకున్న కణంలో ట్రక్-ఏ, పీఐ3 కైనేజ్, ఏక్ట్ అనే ప్రొటీన్లు వరసగా మేలుకుని, చావుకి తోసే బ్యాడ్ ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలించి పక్కన కూర్చోబెడతాయి, అందనిదాంట్లో జేఎన్‌కే అనే ఎంజైము లేస్తుంది, మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ బయటికొస్తుంది, ఇక కాస్పేజ్-9, ఆ వెనక 3. గుత్తి నిండా పిందె పట్టినా చివరికి నిలిచేది ఒకటో రెండో.

బాటనీ పంతులు: పిందె బాగుంది, కానీ అది రాలి చెట్టుకింద పడుంటుంది. ఈ కణం ముక్కల్ని పక్క కణాలు మింగేస్తాయి, ఆనవాలు మిగలదు.

గ్రీకుపిచ్చి: ఇంతకీ ఉర్వారుకం దోసకాయేనా? మామూలు దోస పండినా కోస్తేగానీ రాదు, తనంతట తొడిమ వదిలేది ఖర్బూజా.

మామిడితోట: మా వైపు దాన్నీ దోసపండనే అంటారు.