అప్‌డేట్: ఐ5-12600కె ఓవర్‌క్లాక్‌లో 100 డిగ్రీల సమస్య తేలింది
నా ఇంటెల్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే మామూలు కంటే ఎక్కువ స్పీడుతో నడుపుదామని, మల్టిప్లయర్ (స్పీడు నిర్ణయించే అంకె) 49 పెట్టగానే సినీబెంచ్‌లో (ప్రాసెసర్‌కి పూర్తి లోడు ఇచ్చే టెస్టు) 100 డిగ్రీలు కొట్టి స్పీడు పడిపోతోందని అడిగాను కదా. వోల్టేజీ ఆటోలో వదలొద్దన్న వాళ్ళకి థ్యాంక్స్. మదర్‌బోర్డు తనంతట తానే 1.4 వోల్టులు తోసేస్తోంది. చేత్తో 1.25 పెట్టి, మల్టిప్లయర్ 48కి దించాను. అయినా 95 డిగ్రీలు.

గవర్నర్‌పేటలో రిపేరు అతను కూలర్ ఊడదీస్తే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే పేస్టు ఒక మూలే నలిగింది, మిగతాచోట వేసింది వేసినట్టే ఉంది. ఒక స్క్రూ సగమే బిగిసింది! తుడిచి, బఠాణీ గింజంత పేస్టు పెట్టి, స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాక 86. అదీ ఏసీ లేని గదిలో, మే నెల బెజవాడలో. అరగంట సినీబెంచ్ నిలబడింది.

ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై పెట్టె), ర్యామ్ మీద అనుమానాలు వట్టివే. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ స్పీడుతో నడిపే సెట్టింగ్) ఆపినా తేడా రాలేదు. వోల్టేజీ 1.22కి దించితే మాత్రం రీస్టార్ట్ అవుతోంది. చిప్పు చిప్పుకీ ఇది మారుతుంది, నా అంకెలు యథాతథంగా కాపీ కొట్టేయకండి.