వలస లాటినో కుటుంబాలతో మనోవిశ్లేషణ థెరపీ: భాష, అతాకె, కాగితాల భయం

నీలిమ_ఎంఎస్‌డబ్ల్యూ:
అమెరికాలో కమ్యూనిటీ క్లినిక్‌లో ప్లేస్‌మెంట్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్యూర్టో రికో, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, మెక్సికో మూలాలవాళ్లు. వారానికొక సెషన్, 45 నిమిషాలు, సూపర్‌విజన్ సైకోడైనమిక్ (మనోవిశ్లేషణ మీద ఆధారపడిన) పద్ధతిలో. నా సందేహాలివి. అద్దెకీ డిపోర్టేషన్ భయానికీ మధ్య నలుగుతున్నవాళ్లకి మనోవిశ్లేషణ (మనసులో దాగిన భావాల్ని మాటల్లోకి తెచ్చే థెరపీ) అవసరమా, కేస్‌వర్క్ (అద్దె, కాగితాల్లాంటి పనుల్లో సాయం) సరిపోదా? ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లతో సెషన్ ఏ భాషలో నడవాలి? ఫైల్లో ‘అతాకె దె నెర్వియోస్’ (స్పానిష్‌లో ‘నరాల దాడి’) అని ఉంటే పానిక్ అటాక్ అనుకోవచ్చా?

బారియో_నోట్స్:
చివరిదానితో మొదలుపెడతాను, ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. పానిక్ అనుకోకండి. పానిక్ చాలాసార్లు పైకి కారణమేదీ లేకుండా వస్తుంది, ప్రాణం పోతుందన్న భయం ముందుంటుంది. అతాకెకి ముందు సాధారణంగా ఒక సంఘటన ఉంటుంది: చావు కబురు, ఇంట్లో గొడవ, విడాకులు. కేకలు, ఏడుపు, వణుకు, ఛాతీలోంచి తలకెక్కే వేడి, ఒక్కోసారి మూర్ఛ వచ్చినట్టు పడిపోవడం.

1950లలో అమెరికా సైన్యం డాక్టర్లు ప్యూర్టో రికో సైనికుల్లో ఇలాంటివి చూసి ‘ప్యూర్టోరికన్ సిండ్రోమ్’ అన్నారు. 1917 నుంచి అమెరికా పౌరులైన జనం పేరే జబ్బుకి తగిలించారన్నమాట. 1994లో అమెరికా మానసిక రుగ్మతల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎం-4 అనుబంధంలో ఇది అతాకె పేరుతో చేరింది. ఫిలడెల్ఫియా బారియోలో (లాటినోల పేటలో) పనిచేసిన, ఫ్రెంచ్ మనోవిశ్లేషకుడు లకాన్ బాటలో నడిచే విశ్లేషకురాలు పట్రీసియా గెరోవిచి 2003లో దీనిమీద పుస్తకమే రాశారు, దొరికితే చదవండి.

పని వరస ఇదీ: ముందు న్యూరాలజిస్టు దగ్గర ఎపిలెప్సీ కాదని తేల్చుకోండి. తర్వాత నాలుగు సంగతులు అడగండి. ముందురోజు ఏం జరిగింది, ఎవరెదుట పడిపోయారు, ఎవరు లేపారు, ఆ తర్వాత ఇంట్లో ఏం మారింది? ‘ఎవరెదుట’ అన్నది దాటేస్తే కేసు సగం పోయినట్టే. నోరు తెరిచి చెప్పే వీలులేని కోపం చాలాసార్లు ఆ మనిషి చుట్టూనే ఉంటుంది.

ఇక భాష. మీరు ఎంచకండి, ఎక్కడ మారిందో గుర్తుపెట్టుకోండి. కష్టమైన సంగతిని రెండో భాషలో చెబితే ఉద్వేగం దూరంగా ఉండిపోతుందని 1970లలోనే లూయిస్ మార్కోస్ రాశారు. తల్లి చావుని చక్కటి ఇంగ్లిష్‌లో, కళ్లు చెమర్చకుండా చెబుతుంటే ఆపి, ‘అదే మాట స్పానిష్‌లో అనండి, నాకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, తర్వాత చెబుదురు’ అనండి. అలాగని ప్రతిసారీ స్పానిష్‌కి నెట్టకండి. ఇంగ్లిష్ ఒక్కోసారి వాళ్లకి అవసరమైన చాటు, దాన్ని తొందరపడి లాగేస్తే మరుసటి వారం రారు.

స్పానిష్‌లో ఉస్తెద్, తూ తేడా మనకి కొత్త కాదు, మీరు, నువ్వు లాంటిదే. ఉస్తెద్‌తో మొదలుపెట్టండి. పెద్దల దగ్గర తగ్గి ఉండడాన్ని వాళ్లు ‘రెస్పెతో’ అంటారు. దానివల్ల వచ్చిన మౌనాన్ని రెసిస్టెన్స్ (థెరపీకి మనసు అడ్డుపడడం) అని రాసేయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు.

సరస్వతి_పీహెచ్‌డీ:
బారియో_నోట్స్ గారూ, స్పానిష్ దగ్గరే ఆగిపోయారు. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లలో మామ్, కిచె అనే మాయా భాషలు మాట్లాడేవాళ్లున్నారు, మెక్సికోలోని ఒహాకా నుంచి మిష్తెకో భాష వాళ్లున్నారు. వాళ్లకి స్పానిష్ కూడా పెత్తనం చేసేవాళ్ల భాషే. ఇంటేక్‌లో (మొదటి వివరాలు తీసుకునేటప్పుడు) ‘అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడేది?’ అని అడగండి.

మొదటి ప్రశ్నకి: పేదవాళ్లకి విశ్లేషణ ఎందుకన్న వాదన పాతదే. 1918లో బుడాపెస్ట్‌లో మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడే ఉచిత క్లినిక్‌లు రావాలన్నాడు. 1920లో బెర్లిన్‌లో, 1922లో వియన్నాలో వచ్చాయి. లాటిన్ అమెరికాలోనైతే వియన్నా నుంచి పారిపోయిన విశ్లేషకురాలు మారీ లాంగర్ 1942లో అర్జెంటీనా మనోవిశ్లేషణ సంఘం స్థాపకుల్లో ఒకరు. 1974లో బెదిరింపులతో మెక్సికో వెళ్లి, 1980లలో నికరాగువా ప్రజారోగ్య వ్యవస్థలో పనిచేశారు.

కానీ నిజమైన భయానికి లోపలి అర్థాలు వెతికి వ్యాఖ్యానం చెప్పకండి. ఇమిగ్రేషన్ వాళ్లొస్తారని నిద్రపట్టనివాళ్లకి ముందు కావలసింది ప్లాన్: పిల్లల్ని స్కూల్ నుంచి ఎవరు తీసుకొస్తారు, లాయర్ నంబర్ ఎక్కడుంది, గార్డియన్ కాగితం ఉందా. అది కుదిరాక కూడా భయం అదే మోతాదులో ఉంటే అప్పుడు విశ్లేషణకి చోటు. సెషన్ మానేయడమూ అంతే. వారంవారం షిఫ్టు మారే మనిషి రాలేదంటే ముందు రోస్టర్ చూడండి.

విశ్లేషణ తప్ప వేరేది సరిపోని చోటు ఒకటుంది: విడిపోయి మళ్లీ కలిసిన కుటుంబాలు. తల్లి పనికోసం ముందొచ్చేస్తుంది, పిల్ల ఎల్ సాల్వడార్‌లో అమ్మమ్మ దగ్గర ఏళ్లకొద్దీ పెరుగుతుంది, అమ్మమ్మనే ‘మమా’ అంటుంది. ఇక్కడికొచ్చాక తల్లి, ‘ఇంత డబ్బు పంపాను, ఇంత కష్టపడ్డాను, మొహం చూడదు’ అంటుంది. క్లినిక్ ‘బిహేవియర్ ప్రాబ్లం’ అని రాస్తుంది. పిల్ల అమ్మమ్మని పోగొట్టుకుంది, ఆ దుఃఖాన్ని ఇంట్లో బయటపెడితే తల్లికి ద్రోహం చేసినట్టు. పిల్లకి విడి సెషన్లు ఇవ్వండి. అమ్మమ్మ వంట, ఇల్లు, గొంతు గురించి మాట్లాడనివ్వండి. తల్లికి ‘మీమీద ప్రేమ లేక కాదు’ అని తొందరపడి సర్దిచెప్పకండి. ఆమె తప్పుచేశానన్న భావం మొదట మాటల్లోకి రావాలి. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం ఆ తర్వాతే. తొందరపడితే ఇద్దరూ మర్యాదగా అబద్ధం ఆడతారు.

కాపీ_చాయ్:
ఒక ముక్క. ఫారంలో ‘లాటినెక్స్’ (లాటినో, లాటినా బదులు ఆడామగా తేడా లేని మాట) అని ఉండొచ్చు. 2020లో ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ సర్వేలో తమకోసం ఆ మాట వాడుకున్న లాటినోలు 3 శాతమే. ఎదుటివాళ్లు బొరీకువా (ప్యూర్టో రికో మనిషి) అంటే బొరీకువా, సాల్వదొరెన్యో (ఎల్ సాల్వడార్ మనిషి) అంటే సాల్వదొరెన్యో. రంగు గురించీ అడగండి. ‘మెహొరార్ లా రాసా’, అంటే తెల్లరంగు ఉన్నవాళ్లని చేసుకుని జాతిని బాగుచేసుకోమనే సలహా, ఇళ్లల్లో ప్రేమగానే చెబుతారు. మన పెళ్లి సంబంధాల మాటలు తెలిసినవాళ్లకి వివరించక్కర్లేదు. కాకపోతే, ‘మాకూ ఇంతే’ అని సెషన్‌లో అనకండి. చదువూ వీసా ఉన్న వలసదారు మీరు, వాళ్ల అసూయ, అనుమానం మీదగ్గర బయటపడాలి, ఆ ఒక్క మాటతో దారి మూసుకుపోతుంది.

నీలిమ_ఎంఎస్‌డబ్ల్యూ:
థాంక్యూ అండి. మామ్ మాట్లాడే ఒకరికి ఇంటర్‌ప్రెటర్‌ని పెడుతున్నారు. నోట్స్‌లో ఇమిగ్రేషన్ సంగతి రాయాలా?

సరస్వతి_పీహెచ్‌డీ:
చికిత్సకి తప్పనిసరైతే తప్ప స్టేటస్ రాయకండి, ‘కుటుంబం విడిపోతుందన్న భయం’ అంటే చాలు. మీ విశ్లేషణ ఆలోచనలు ప్రోగ్రెస్ నోట్‌లో (మామూలు చికిత్స రికార్డులో) కలపకుండా సైకోథెరపీ నోట్స్‌గా విడిగా ఉంచండి, అమెరికా ఆరోగ్య సమాచార గోప్యత చట్టం హిపా కింద వాటికి అదనపు రక్షణ ఉంది. అయినా కోర్టు అడిగితే ఏమవుతుందో క్లినిక్ లాయర్‌ని ముందే కనుక్కోండి.

ఇంటర్‌ప్రెటర్ ప్రతిసారీ ఒకే మనిషి కావాలి. అదే ఊరివాళ్లు కాకపోతే మేలు, లేదంటే పుకార్ల భయం. ముందు 5 నిమిషాలు ఇంటర్‌ప్రెటర్‌తో మాట్లాడి, క్లయింట్ అన్న ‘నేను’ని ‘నేను’గానే చెప్పమనండి, తడబాట్లు సరిదిద్దవద్దనండి. చివర ఇంకో 5 నిమిషాలు ఇంటర్‌ప్రెటర్‌కి ఎలా ఉందో అడగండి. పిల్లల చేత మాత్రం అనువాదం చేయించకండి, అత్యవసరమైతే తప్ప నిబంధనలూ ఒప్పుకోవు.